ఫోర్డు నలుపూ, పాఠపరిష్కారమూ

గ్రంథకర్త స్వయంగా చెప్పిన మాటకన్న ప్రమాణం మరొకటి లేదని మనం సాధారణంగా అనుకొంటాం. హెన్రీ ఫోర్డు విషయంలో అది కుదరదు. 1922లో వెలువడిన తన ఆత్మకథాత్మక గ్రంథంలో ఆయన, 1909లోనే తాను తన సిబ్బందికి ఒక సంగతి ప్రకటించానని వ్రాసుకొన్నాడు. కొనేవాడు ఏ రంగైనా కోరవచ్చు, కాని ఆ రంగు నలుపై ఉండాలి అన్నదే ఆ ప్రకటన సారాంశం. నూరేళ్ళుగా ఈ చమత్కారం లోకమంతా చెలామణీ అవుతూనే ఉన్నది. వ్యాపారశాస్త్రం బోధించే పాఠ్యపుస్తకాలలో సైతం చేరిపోయింది.

అయితే ఆ 1909వ సంవత్సరపు బండ్లు మాత్రం వేరే సాక్ష్యం చెబుతున్నాయి. 1908 అక్టోబరులో అంగడికెక్కిన ఫోర్డు 'మోడల్ టి' తొలినాళ్ళలో ఎరుపు, బూడిద, ఆకుపచ్చ రంగులలో దొరికేది. 1910 ప్రాంతంలో బండ్లన్నీ ముదురు ఆకుపచ్చ అయినాయి. 1911 నుండి ముదురు నీలం వచ్చింది. అది ఎంత ముదురంటే, నీడలో నిలబెట్టి చూస్తే నలుపనే భ్రమిస్తాం. మన భాషలో నీలమేఘశ్యాముడే నల్లనయ్య కూడా అయినాడు గనుక ఈ భ్రాంతి మనకు క్రొత్తది కాదు. నిజంగా నలుపు ఒక్కటే మిగిలినది 1914 నమూనాతో. అది 1925 దాకా సాగి, 1926 నమూనాతో మళ్ళీ రంగులు వచ్చాయి. 1927 మే నెలలో ఆ బండి తయారీ ముగిసేనాటికి కోటిన్నరకు పైగా బండ్లు వెలువడ్డాయి. అందులో అత్యధిక భాగం నల్లవే కావడంచేత, మొదటి ఐదేళ్ళ రంగులు జనుల స్మృతిలోనుండి చెరిగిపోయాయి. కర్త సైతం తన తొలిపాఠాన్ని మరచి మలిపాఠాన్నే వ్రాసుకొన్నాడన్న మాట.

మోటారు బండ్ల గూర్చి తెలుగు పండితుడికెందుకయ్యా అని మిత్రులు కొందరు నవ్వుకోవచ్చు. ఉద్యోగ విరమణ తరువాత నేను చదివే విషయాలకు హద్దులు తీసివేశాను. అదిగాక, ఈ పాత బండ్లను పునరుద్ధరించేవారు పడే తిప్పలు, తాళపత్ర ప్రతులు ముందు పెట్టుకొని శుద్ధపాఠం కోసం పరిష్కర్తలు పడిన తిప్పలూ ఒకటేనని నాకు క్రమంగా తోచింది. ముఖ్యంగా చక్రాల విషయంలోనూ, దీపాలు, రేడియేటరు తొడుగు, అంచుపట్టీల వంటి అలంకార సామగ్రి విషయంలోనూ.

ముందుగా నలుపు సంగతి చూద్దాం. నల్లరంగు త్వరగా ఆరుతుంది కాబట్టే ఫోర్డు దానిని ఎంచుకొన్నాడని ఒక వాడుక మాట ఉన్నది. పాత కంపెనీ దస్తావేజులను శోధించినవారు ఈ వివరణను అంతగా ఒప్పుకోరు. వారు చెప్పే కారణాలు చౌకదనం, మన్నిక. ఆ నలుపుకు ఆధారం 'గిల్సొనైట్' అనే ఖనిజపు కీలు. అమెరికాలోని యూటా రాష్ట్రపు భూమిలో దొరుకుతుంది. చూడడానికి నల్లటి గాజుపెంకులా ఉంటుంది. దానిని నూనెలలోను, ద్రావకాలలోను కరగించి లోహభాగాలకు పట్టించి పెద్ద కొలిమి గదులలో కాలుస్తారు. అది లోహాన్ని గట్టిగా పట్టుకొని తేమను చొరనివ్వదు. ఆ కీలే నల్లనిది కనుక అందులో ఎరుపో పసుపో కలిపినా పైకి తేలదు. కాబట్టి ఆ మన్నిక కావాలంటే ఆ నలుపును భరించవలసిందే.

ఇక్కడొక చిక్కు ఉన్నది. ఈ కాల్చే నలుపు రెక్కలవంటి ఇనుప రేకులకు చెల్లుతుంది గాని, కలప చట్రం మీద కట్టిన బండి దేహానికి చెల్లదు. అంత వేడికి కలప ఓర్వలేదు. చక్రాల సంగతీ అంతే, అవీ కలపవే. అందుచేత ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క నలుపు. రేకులను తొట్లలో ముంచేవారు. దేహం మీద గొట్టంతో రంగును ధారగా పోసి కారనిచ్చేవారు. చక్రాన్ని రంగు తొట్టిలో ముంచి పైకెత్తి గిర్రున త్రిప్పితే, అదనపు రంగు అంచులవైపు చెదరిపోయేది. ముంచడానికొకటి, పోయడానికొకటి, అడుగుపూతకొకటి, పైపూతకొకటి, కాల్చేదొకటి, గాలికి ఆరేదొకటి. ఆ కాలమంతటిలో ఫోర్డువారు వాడిన నలుపుల జాబితాను లెక్కించినవారికి ముప్పైకి పైగా తేలాయి. ఒక్క నలుపే అని లోకమంతా నవ్విన బండిలో ఇన్ని నలుపులు! కాటుక నలుపు వేరు, నేరేడు నలుపు వేరు, కుంపటి బొగ్గు నలుపు వేరని మన అమ్మమ్మలకు తెలుసు. నేటి పునరుద్ధారకుడు మాత్రం దుకాణానికి పోయి 'నలుపు' అని ఒక డబ్బా కొని బండి అంతటికీ పూస్తాడు. అప్పుడు అంతా ఏకరీతిగా నిగనిగలాడుతుంది. పాత ఛాయాచిత్రంతో పోల్చితే మాత్రం ఏదో తేడాగా ఉంటుంది. ఏమి తేడానో చప్పున చెప్పలేము.

ఈ పద్ధతులకు ముందున్న పద్ధతిని గూర్చి కూడ చెప్పాలి. గుర్రపు బగ్గీలకు రంగులు వేసిన చేతులే మొదటి మోటారు బండ్లకూ వేశాయి. సీసపు తెలుపు కలిపిన అడుగుపూత, ఆ పైన గరుకు పూతలు, వాటిని తేలికరాతితో నీళ్ళు పోసి అరగదీయడం, తరువాత రంగు, దానిపై వార్నిషు, మళ్ళీ అరగదీయడం, మళ్ళీ వార్నిషు. ఒక్క బండికి వారాల తరబడి పట్టేది. చక్రాల ఆకుల మీద కుంచెతో సన్నని గీత లాగడం ఒక ప్రత్యేకమైన విద్య. తొలినాటి మోడల్ టి చక్రాలకు ఆ గీతలుండేవి. 1908లో 850 డాలర్లకు మొదలైన బండి 1925 నాటికి 260 డాలర్లకు దిగినప్పుడు, ఆ గీత లాగే చేతికి అందులో చోటు లేకుండా పోయింది.

ఆకులు అన్నాను కదా. మన ఎద్దుబండి చక్రానికి నడుమ కుండ, కుండలో నాటిన ఆకులు, ఆకుల చివర పూటీలు, పూటీల చుట్టూ ఇనుప కమ్మి. ఫోర్డు చక్రమూ అదే కుటుంబానికి చెందినది. కలప తుమ్మకు బదులు హికరీ. కుండకు బదులు, ఆకుల మొదళ్ళను రెండు ఇనుప పళ్ళేల నడుమ ఇరికించి బోల్టులు బిగిస్తారు. మనవాళ్ళకు వడ్రంగిదొడ్డి పదజాలం ఇంకా పూర్తిగా పోలేదు కనుక, ఆ చక్రాల గూర్చి అమెరికావాడు వ్రాసినది చదివితే బొమ్మ అవసరం లేకుండానే అర్థమవుతుంది.

ఈ చక్రాల మీదనే నేడు అతి తరచుగా కనిపించే ప్రక్షిప్తం ఉన్నది. ప్రదర్శనలలో నిలిపిన మోడల్ టి బండ్లలో చాలావాటికి ఆకులు తేనెరంగు కలపగా, వార్నిషు మెరుపుతో, నారలన్నీ కనబడేట్టు ఉంటాయి. చూడ ముచ్చటైన మాట నిజం. కాని 1914 మొదలు పదేళ్ళ పైచిలుకు ఫ్యాక్టరీ నుండి వెలువడిన చక్రాలు నల్లరంగు వేసినవి. సహజ కలప రూపంలో చక్రాలు చివరి రెండేళ్ళ బండ్లకు లభించాయి. ఆ తరువాతి తరాలవారికి రంగు గీకగానే లోపల అందమైన కలప కనబడింది. దానిని మళ్ళీ రంగుతో కప్పడానికి చేతులు రాలేదు. పాఠపరిష్కారంలో ఒక సూత్రమున్నది: రెండు పాఠాలలో సులువైనది, ఇంపైనది లేఖకుడు చేర్చినదై ఉండవచ్చు, కష్టమైనదే ప్రాచీనమై ఉండవచ్చు అని. చక్రం విషయంలో ఇంపైన పాఠం తేనెరంగు.

నా పూర్వశిష్యుడొకడు అమెరికాలో స్థిరపడి, పిల్లలు పెద్దవారైన తరువాత వ్యాపకం కోసం 1912 నాటి మోడల్ టి ఒకటి కొన్నాడు. దాని దేహానికి ఎప్పుడో ఎవరో నలుపు పూశారు, చక్రాలకూ పూశారు. "మాస్టారూ, నాలుగు చక్రాలూ గీకి శుభ్రం చేసే యంత్రం అద్దెకు దొరుకుతుంది, ఒక పూటలో పని అయిపోతుంది, ఏమంటారు" అని అడిగాడు. నాకు బండ్లపని తెలియదు. తెలిసినది ఒక్కటే చెప్పాను: "నాయనా, చదవకుండా ఏ ఆకూ చించకు."

తరువాత అతడు చదివినదీ నేను చదివినదీ కలిపితే తేలిన పద్ధతి ఇది. పాత పూతలను చదవడానికి బియ్యపుగింజ పొడవుకు నాలుగైదింతలున్న చోటు చాలు. సన్నని గరుకు కాగితంతో, నీటి తడి మీద, గుంట చేసినట్టు నెమ్మదిగా అరగదీస్తూ పోవాలి. పైపూత, దాని క్రింది పూత, దాని క్రిందిది, అట్లా నరికిన చెట్టుమొదలులోని వలయాల వలె ఒకదానిలో ఒకటిగా బయటపడతాయి. ఒక చుక్క నూనె రాసి భూతద్దంతో చూస్తే ఛాయలు విడివిడిగా తెలుస్తాయి. అన్నింటికన్న అడుగున ఉన్నదే అసలు రంగు అనుకోరాదు. అది అడుగుపూత కావచ్చు. ఏది ఒకనాడు లోకానికి కనబడిన రంగో తెలుసుకోవడానికి గుర్తు మురికి. రెండు పూతల నడుమ సన్నని మురికి గీత ఉంటే, క్రిందిపూత కొన్నేళ్ళు ఎండలో వానలో తిరిగినదన్న మాట. మురికి గీత లేకుండా అంటుకొని ఉన్నవి ఒకే విడత పూతలు. వ్రాతప్రతిలో సిరా మారినచోట చేయి మారిందని మనం పోల్చుకోమూ? అదే పని.

ఎక్కడ చదవాలన్నదీ ముఖ్యమే. ఆకు నడుమ భాగం ఎండకు, ఇసుకకు, చీపురుకు అరిగిపోయి ఉంటుంది. ఆకు మొదలు ఇనుప పళ్ళెం క్రిందికి దూరే సందు, పూటీలో ఆకు దిగే మూల, దీపపు కొక్కెం బిగించినచోటి వెనుకభాగం, ఆసనపు తోలు మడిచి మేకులు కొట్టిన అంచు, ఇవి భద్రస్థలాలు. మన శిష్యుడికి ముందరి ఎడమ చక్రంలో పళ్ళెం ప్రక్కన నలుపు క్రింద మురికి, మురికి క్రింద ఒక ముదురు రంగు కనబడ్డాయి. అతడు దానిని ఆకుపచ్చ అన్నాడు.

1912 బండికి ఆకుపచ్చ ఎట్లా వస్తుంది? ఇక్కడ రసాయనశాస్త్రం అడ్డం వస్తుంది. అవిసెనూనెతో చేసిన రంగులకూ వార్నిషులకూ ఒక గుణమున్నది: వెలుగులో ఉన్నంతకాలం తేటగా ఉంటాయి, చీకటిలో పడితే పచ్చబడతాయి. ఎండ సోకని చోటనే అసలు రంగు భద్రంగా ఉంటుందని మనం వెదకుతాం. అక్కడనే అది పసుపు ముసుగు వేసుకొని కూర్చొని ఉంటుంది. నీలం మీద పసుపు ముసుగు పడితే ఆకుపచ్చ కాక మరేమవుతుంది? పాత చిత్రపటాల పనిలో నిపుణులు ఇట్టి నమూనాను కొన్నాళ్ళు వెలుగులో ఉంచి, పసుపు విరిగిన తరువాతనే రంగు నిర్ణయిస్తారు. అతడూ అట్లే కిటికీ దగ్గర చక్రాన్ని ఆనించి ఉంచాడు. మూడు వారాలకు ఆ చోటు నీలమైనది. ఆ మూడు వారాలూ అద్దె యంత్రం తేకుండా ఉండడం అతడికి కష్టమే అయింది, ఎందుకంటే మంచుకాలం రాకముందే బండిని రోడ్డెక్కించాలని అతడి ఆరాటం.

రంగు ఇదీ అని తెలిసిన తరువాత దానికి ఈడైన రంగు కలపడం మరొక పరీక్ష. ఎండలో రెండూ ఒకటిగా కనబడి, ఇంట్లో ట్యూబులైటు క్రింద వేర్వేరుగా కనబడవచ్చు. చీరల దుకాణంలో రవికగుడ్డ ఈడు చూసేటప్పుడు మన ఆడవారు గుడ్డను వీధిగుమ్మం దాకా తెచ్చి చూడడం ఇందుకే. శాస్త్రజ్ఞులు దీనిని 'మెటామెరిజం' అంటారు. రెండు రంగులలోని వర్ణద్రవ్యాలు వేరైతే, కాంతి మారినప్పుడు వాటి దారులు వేరవుతాయి. కాబట్టి యంత్రం అంకెలు చెప్పినంతమాత్రాన సరిపోదు. ఆ అంకెలు వచ్చిన త్రోవ కూడా చూడాలి. రంగులకు కొలతలు, సంఖ్యలు ఏర్పరచాలన్న ఆలోచన సైతం ఈ బండ్ల వయస్సుదే. అమెరికాలో మన్సెల్ తన వర్ణవిధానాన్ని 1905లో ప్రకటించాడు. జర్మనీలో 'రాల్' పట్టిక 1927లో నలభై రంగులతో మొదలైంది. 1912లో ఫోర్డు పనివాడి ముందు అట్టి పట్టిక ఏదీ లేదు. పీపాకూ పీపాకూ ఛాయ కొంత మారితే మారింది. కనుక ఏకైక శుద్ధవర్ణమంటూ ఒకటున్నదని పట్టుబట్టడం కూడా ఒక అతివాదమే. ఒక పరిధి ఉన్నది, ఆ పరిధిలో ఉంటే చాలు.

నలుపు రాజ్యాన్ని కూలద్రోసినది ప్రత్తి. ఇది అలంకారం కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో తుపాకిమందు కోసం ప్రత్తిని ఆమ్లాలలో నానబెట్టి నైట్రోసెల్యులోజు చేసే కర్మాగారాలు అమెరికాలో విపరీతంగా పెరిగాయి. యుద్ధం ముగియగానే వాటికి పనిలేకపోయింది. డ్యుపాంట్ కంపెనీవారు ఆ సరుకునే పలుచని లక్కరుగా మార్చి 'డూకో' అని పేరు పెట్టారు. 1924 నమూనా ఓక్లండ్ బండ్లు 'ట్రూ బ్లూ' అనే నీలంలో ఈ పూతతో అంగడికి వచ్చాయి. వారాలు పట్టే రంగుపని గంటలలోకి దిగింది. ఏ రంగైనా సాధ్యమైనది. ఓక్లండ్ పేరు 1931తో అంతరించింది గాని డూకో పేరు మాత్రం సముద్రాలు దాటి వచ్చి, మన ఊళ్ళలో బీరువాలకు రంగువేసే పనివాడి నోట ఈనాటికీ బ్రతికి ఉన్నది. ఏ కంపెనీ డబ్బా తెచ్చినా అతడు వేసేది 'డూకో'యే. ఆ పూతను పట్టించే పిచికారీ తుపాకికీ ఒక వంశవృక్షమున్నది: ఒహాయో రాష్ట్రంలో డెవిల్‌బిస్ అనే వైద్యుడు రోగుల గొంతులోనికి మందు చల్లడానికి చేసిన పరికరమే దానికి పితామహి, ఆయన కుమారుడు దానిని రంగుపనికి మలిచాడు.

ఇక లోహపు అలంకారాలు. 1916 నమూనా వరకు మోడల్ టి రేడియేటరు ఇత్తడిది. ఆ తరువాత నల్లరంగు తొడుగు వచ్చింది. చివరి సంవత్సరాలలో కొన్ని బండ్లకు నికెల్ పూత తొడుగు. ఇత్తడి తోమడానికి ఏవేవో సీసాలు కొంటున్నాడని విని, చింతపండు దొరకదా మీ ఊళ్ళో అని మా శిష్యుణ్ణి అడిగాను. దొరుకుతుందట, వాడి చూశాడట. రేకు పలుచబడిన చోట పులుపు అతిగా వాడవద్దని మా ఇంటావిడ తాకీదు పంపింది. వంటింటి శాస్త్రంలో ఆమె మాటకు తిరుగులేదు.

నికెల్ విషయంలో జరుగుతున్న పొరపాటు మరీ విచారకరం. బండ్ల మీద క్రోమియం పూత వాడుకలోకి వచ్చినది 1920ల ద్వితీయార్ధంలో. అంతకుముందు మెరిసే తెల్లలోహమంటే నికెల్. ఈ రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. నికెల్‌లో లేత పసిమి ఉంటుంది, వెండిగిన్నెలో మజ్జిగ పోసినట్టు. క్రోమియంలో చల్లని నీలి ఛాయ ఉంటుంది. నికెల్ కాలక్రమాన మసకబారుతుంది, తుడుస్తూ ఉండాలి. క్రోమియానికి ఆ బాధ లేదు. అందుకే పూతపనివారు ఏది ఇచ్చినా క్రోమియంలో ముంచి ఇస్తారు. పైగా పూత వేసేముందు లోహాన్ని సానబట్టడంలో అచ్చు గుర్తులు, అంచుల పదును అరిగి గుండ్రబడతాయి. రంగు తప్పితే మళ్ళీ వేసుకోవచ్చు. అరిగిన అంచును ఎవరు తెస్తారు? ఫోర్డువారి తరువాతి బండి 'మోడల్ ఎ'లో 1928, 1929 సంవత్సరాల మెరుపుభాగాలు నికెల్‌వి, 1930, 1931 సంవత్సరాలవి తుప్పుపట్టని ఉక్కువి. మూడు లోహాలు, మూడు తెలుపులు. ఒక దశాబ్దపు చరిత్ర ఆ తెలుపుల తేడాలో ఉన్నది, అంతటినీ ఒకే తొట్టిలో ముంచితే ఆ తేడా కాస్తా పోతుంది.

మనవైపు ఇట్టి ప్రాచీన వాహనాన్ని చూడగోరేవారికి హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో నిజాముల పసుపురంగు రోల్స్ రాయిస్ ఉన్నది, 1912 నాటిది. మా శిష్యుడి బండికి ఈడుది. ఒకటి రైతు కోసం చేసినది, ఒకటి ప్రభువు కోసం చేసినది. పసుపు వంటి లేత రంగును ఎంచుకోగలగడమే ఆనాడు ఐశ్వర్యం.

మరొక మాట, ఇది ఈ పనికి పూనుకొనే వారందరికీ. పాత పూతలలో సీసం ఉంటుంది. పూర్వం రంగుపనివారిని పీడించిన కడుపునొప్పికి ఆ సీసమే కారణం. పొడిగా గీకితే లేచే ధూళి ఊపిరితిత్తులలోకి పోతుంది, ఇంటిలోని పసివాళ్ళకు మరీ ప్రమాదం. తడి మీదనే అరగదీయాలి, ముక్కుకు తగిన ముసుగు కట్టుకోవాలి. నేటి రెండు పాళ్ళు కలిపే గట్టి రంగులలోనూ ఐసోసైనేటులనే ఊపిరికి చేటుచేసే పదార్థాలున్నాయి. పాతది విషం, క్రొత్తది అమృతం అనుకోరాదు.

బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలను అచ్చువేయించడానికి ముందు, ఒకే పద్యానికి ఎన్నో వ్రాతప్రతులు సేకరించి పండితులచేత పోల్చి చూపించాడు. ఆయన సేకరించిన ప్రతులు నేటికీ ఉన్నాయి కనుకనే ఆయన పరిష్కారంతో ఏకీభవించనివారు తమ వాదన తాము వినిపించగలుగుతున్నారు. పరిష్కారం చేసి మూలప్రతులను పొయ్యిలో వేసి ఉంటే మనకు బ్రౌన్ మాటే వేదమయ్యేది. చక్రాన్ని యంత్రంతో తెల్లగా గీకడమంటే మూలప్రతిని పొయ్యిలో వేయడమే. ఇదే సంగతి మా వాడికి వ్రాశాను.

అతడు చివరకు చేసినది ఇది. మూడు చక్రాల నలుపును తడిపి గీకి, మంచి నమూనా దొరికిన నీలానికి ఈడు చేయించి, నిగనిగలాడే క్రొత్తరకం పూత కాక పాతరకం ఎనామెలు వేశాడు. ముందరి ఎడమ చక్రంలో రెండు ఆకులను మాత్రం, పళ్ళెం దగ్గరనుండి జానెడు మేర, గుంట తవ్విన చోటుతో సహా అట్లే వదిలివేశాడు. దగ్గరకు వెళ్ళి వంగి చూస్తే తప్ప కనబడదట. ప్రదర్శనకు తీసుకువెళితే న్యాయనిర్ణేతలు దానిని లోపంగా లెక్కించి మార్కులు తగ్గించారని నిన్న వ్రాశాడు.